మూడు గంటల వరకు మౌనం

సెలెస్తాన్ బియోంగ్ ఇరవై రెండేళ్లుగా ఆందోళన మీద బతుకుతున్నాడు. తన ఆందోళన కాదు, పరాయి వాళ్లది. రాజధాని యావుండే నగరంలో, రాయబారులుండే బాస్తోస్ పేటలో, తెల్ల గోడల వెనక ఒక రాయబార కార్యాలయంలో అతనికో చిన్న గది, ఒక బల్ల, గట్టిగా నొక్కితేనే పలికే ఒక ఫోనూ ఉన్నాయి. దేశంలో ఎవరినైనా అన్యాయంగా లోపల వేసినా, ఏ పత్రికకైనా తాళం పెట్టినా, ఊరేగింపులో ఎవరి తలైనా పగిలినా తొమ్మిది దేశాల రాయబారులు కలిసి ఒక ప్రకటన ఇస్తారు. ఆ ప్రకటన రాసేది సెలెస్తాన్. కింద అతని పేరు ఉండదు గనక ఆ సంగతి లోకానికి తెలియదు. తెలిసిన ఒక్క మనిషి అతని భార్య ఒడీల్. ఆవిడ దాన్నేమీ గొప్పగా తీసుకోలేదు.

ఈ ప్రకటనలకి మెట్లుంటాయి. అట్టడుగు మెట్టు ‘గమనించాం’. దాని మీద ‘శ్రద్ధగా గమనిస్తున్నాం’. ఆ పైన ‘ఆందోళన’, ఇంకా పైన ‘తీవ్ర ఆందోళన’. అన్నిటికన్నా పైన ‘ఖండిస్తున్నాం’. ఆ చివరి మెట్టు మీద ఇరవై రెండేళ్లలో రెండంటే రెండుసార్లు కాలు పెట్టారు. అందులో ఒకటి పొరపాటున పక్కదేశం గురించి.

ఇక్కడి విదేశాంగ శాఖలో అబెస్సోలో అని ఒకాయన ఉన్నాడు. ప్రకటనలకి జవాబులు రాయడం ఆయన పని. ‘గమనించాం’ అంటే ఆయన జవాబివ్వడు. ‘ఆందోళన’ అంటే ‘అపోహ’ అంటాడు. ‘తీవ్ర ఆందోళన’ అంటే ‘మా ఇంటి వ్యవహారం’ అంటాడు. ఇద్దరూ పాతకాపులు. ఒకసారి ఈస్టర్ సెలవులకి తొందరగా ఊరెళ్లాలని ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని ప్రకటనా, జవాబూ ఒకేసారి తయారు చేసుకున్నారు. ఖర్మ కాలి జవాబు పది నిమిషాలు ముందు బయటికొచ్చింది. అయినా ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే ఎవరూ చదవలేదు.

ఉద్యోగం భాష మెల్లిగా ఇంట్లోకీ పాకింది.

“కప్పు కారుతోంది, చూశావా?” అంటుంది ఒడీల్.

“శ్రద్ధగా గమనిస్తున్నాను.”

“గమనిస్తే కారడం ఆగుతుందా? నిచ్చెనెక్కు!”

“సంబంధిత పక్షాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటే...”

“పక్షాలేంటయ్యా? నువ్వు, నేను, కప్పు!”

అలాంటి మనిషి నెత్తిన మంగళవారం పిడుగు పడింది.

ఒడీల్‌కి అక్క ఉంది. పేరు రెజీన్ ఎన్గో మాంగ్. వాళ్లుండే పేటంతా మామా రెజీన్ అంటారు. కూడలిలో పత్రికల బడ్డీ పక్కన మూకుడు పెట్టుకుని పాతికేళ్లుగా బెన్యేలు వేస్తోంది. పిండి ముద్ద నూనెలో పడి గుండ్రంగా ఉబ్బుతుంటే చూడ్డానికే సగంమంది ఆగుతారు. మిగతా సగం పత్రికల కోసం. బడ్డీవాడు పత్రికల్ని బట్టల క్లిప్పులతో తాడుకి తగిలిస్తాడు. జనం నిలబడి మొదటి పేజీ చదువుతారు, వాదించుకుంటారు, కొనకుండా వెళ్లిపోతారు. ఆ గుంపుని ఊళ్లో ‘నిలబడ్డ పార్లమెంటు’ అంటారు. కూర్చునే పార్లమెంటులో జరగని చర్చలన్నీ అక్కడ జరుగుతాయి, ఒక చేతిలో బెన్యే, ఇంకో చేతిలో ఎర్ర బీన్స్ కూరతో.

ఆ మంగళవారం రిటైరైన మాస్టారు ఎస్సోంబా కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు. పట్టణంలో నిరుడు పూర్తయిన రోడ్ల జాబితా అది. మూడో పేరు వాళ్ల కూడలిదే. తారు వేశారట, పక్కన కాలవ కట్టారట, దీపాలు కూడా పెట్టారట.

మామా రెజీన్ గరిటె ఎత్తింది. “వేసేశారా? మరి పొద్దున నేను పిండి బకెట్‌తో పడింది ఏ దేశంలో? ఏదీ, ఆ రోడ్డు ఎక్కడుందో చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను!”

జనం గొల్లుమన్నారు. ఎవరో నవ్వు ఆపుకోలేక బీన్స్ మీద దగ్గారు. కూడలి మధ్యలో ఉన్న గుంత మోకాలి లోతు. పోయిన వానాకాలం అందులో బాతులు ఈదాయి.

నవ్వినవాళ్లలో ఒకడు మఫ్టీ పోలీసు. రెండో ప్లేటు పూర్తిగా తిని, మూతి తుడుచుకుని, అప్పుడు ఈల ఊదాడు. అనుమతి లేని సభ, హాజరు పదిహేడు మంది. ఆ పదిహేడోవాడు తనే. మిగతావాళ్లు సందుల్లోకి పరిగెత్తారు. మామా రెజీన్ మరుగుతున్న నూనె వదిలి పరిగెత్తలేక దొరికిపోయింది. సాక్ష్యాలుగా పత్రికనీ, గరిటెనీ, బేసిన్ నిండా బెన్యేలనీ స్టేషన్‌కి పట్టుకెళ్లారు. మధ్యాహ్నానికి బేసిన్ ఖాళీ అయింది.

ఇక్కడివరకూ నవ్వుకోవచ్చు. కానీ స్టేషన్లో మూడు రోజులే ఉంచుకోవచ్చు. శుక్రవారం పొద్దున జడ్జి ముందు నిలబెడతారు, జడ్జి తలెత్తకుండా సంతకం పెడతాడు, మనిషి పెద్ద జైలుకి పోతుంది. అక్కడ కేసు పిలుపు రావడానికే రెండేళ్లు పడుతుంది. మామా రెజీన్‌కి యాభై ఎనిమిదేళ్లు, బీపీ ఉంది. పెద్ద జైలుకి వెళ్లి నడిచి తిరిగొచ్చినవాళ్లు పేటలో ఒక్కరే ఉన్నారు. ఆయన కూడా ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు.

ఒడీల్ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని సెలెస్తాన్ అనుకున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“తొమ్మిది దేశాలకి రాస్తావు కదా. మా అక్కకి ఒక్క ముక్క రాయి.”

“ఒడీల్, మా ప్రకటనల్లో మనుషుల పేర్లు సాధారణంగా...”

“సాధారణంగా నా వంట తింటావు కదా?”

“తింటాను.”

“శుక్రవారం లోపల మా అక్క రాకపోతే అది కూడా సాధారణంగా జరగదు.”

రాయబారి సెలవు మీద వాళ్ల దేశం వెళ్లాడు. ఆయన కుర్చీలో మదాం కార్లిన్ ఉంది. వచ్చి మూడు నెలలైంది. ఇంకా విషయాలు విని కోపం తెచ్చుకునే వయసు. సెలెస్తాన్ రాసిన మొదటి ప్రతిని మంగళవారం సాయంత్రమే చదివి బల్ల మీద అరచేత్తో కొట్టింది.

“రోడ్డు అడిగినందుకా! బాగా రాశారు బియోంగ్ గారూ, ఇన్నాళ్లూ మీలో ఇంత వేడి చూడలేదు. ఈవిడ మీకు తెలుసా?”

సెలెస్తాన్ నీళ్లు నమిలాడు. “ఆ పేటలో అందరూ ఎవరో ఒకరికి వదినే మదాం.”

ఆ ప్రతి మిగతా ఎనిమిది కార్యాలయాలకీ వెళ్లింది. అక్కడినుంచి దాని అవస్థ మొదలైంది. బుధవారం పొద్దున ఒక దేశం ‘జైలు’ అన్న మాట కటువుగా ఉందంది. వాళ్లకి ఇక్కడ కలప వ్యాపారం ఉంది. రెండో దేశం పేరు తీసేయమంది, ‘ఒక పౌరురాలు’ అంటే చాలంది. వాళ్లు స్టేడియం కడుతున్నారు. మూడో దేశానికి ‘రోడ్డు’ నచ్చలేదు, ఎందుకంటే ఆ రోడ్డుకి సాయం చేసింది వాళ్లే. నాలుగో దేశం అన్నీ బాగున్నాయి గానీ ‘ఆందోళన’ మరీ ఎక్కువ కాదా అని అడిగింది. సెలెస్తాన్ సాయంత్రం దాకా కొట్టేస్తూ, రాస్తూ, మళ్లీ కొట్టేస్తూ కూర్చున్నాడు. ఏడో ప్రతి ఇలా మిగిలింది:

‘నగరంలో వీధి ఆహార రంగం చురుగ్గా ఉండటాన్ని తొమ్మిది దేశాలు గమనించాయి. ఆ రంగంలోని వారందరూ పరస్పరం మాట్లాడుకోవాలని ప్రోత్సహిస్తున్నాయి.’

మదాం కార్లిన్ అది చదివి కాగితం వెనక్కి తిప్పి చూసింది. “ఇంతేనా?”

“రేపు దీన్ని మౌనానికి పెట్టాలి మదాం.”

“పెట్టండి,” అంది. ఆ గొంతు విని సెలెస్తాన్‌కి మూడు నెలల్లో ఈవిడ కూడా నేర్చేసుకుందని జాలేసింది.

సాయంత్రం ఆఫీసు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఐదుగురు కూర్చున్న టాక్సీలో ఆరోవాడిగా ఇరుక్కుని ఇంటికొచ్చాడు. ఒడీల్ వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిపించి, ఏడో ప్రతి చదివించుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి.

“వీధి ఆహార రంగం చురుగ్గా ఉందా? మా అక్క సిమెంటు గచ్చు మీద పడుకుని ఉంది, మీకు చురుగ్గా ఉందా?”

“ఇది నేను రాసింది కాదు ఒడీల్. అంటే, నేనే రాశాను. కానీ...”

“జరుగు. నేను చెప్తాను, నువ్వు కొట్టు.”

“దీన్ని పంపడానికి వీల్లేదు.”

“పంపమని ఎవరన్నారు? నా కళ్లతో ఒక్కసారి చూసుకోవాలి, నిజం రాస్తే ఎలా ఉంటుందో. కొట్టు!”

సెలెస్తాన్ కొట్టాడు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. రెండుసార్లు అతను ‘ఒకవేళ’ అని కలపబోతే కత్తి ఆగింది, అతనే తీసేశాడు. అయిపోయాక ఆవిడ భుజం మీంచి వంగి చదువుకుని, ముక్కు చీదుకుని, “దాచు” అంది.

“ఏ పేరుతో?”

“ఇదే చివరిది అని పెట్టు.”

అసలు తప్పు అక్కడ జరిగింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరి ల్యాప్‌టాప్ తెరిచినా ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘చివరిది మార్చింది’, ‘నిజంగా చివరిది’ అని ఓ పాతిక ఉంటాయి. వాటి మధ్యలో ఒడీల్‌ది వెళ్లి కూర్చుంది. గురువారం పొద్దున పది గంటలకి, రాత్రంతా నిద్రలేని కళ్లతో, సెలెస్తాన్ ‘ఇదే చివరిది’ని ఎనిమిది కార్యాలయాలకీ, మదాం కార్లిన్‌కీ పంపించి, పైన మామూలు వాక్యం రాశాడు: ‘మధ్యాహ్నం మూడు గంటల వరకు మౌనం.’

మౌనం అంటే ఈ తొమ్మిది దేశాల ఆనవాయితీ. చివరి ప్రతి పంపి ఒక గడువు పెడతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆలోపల నోరు విప్పాలి. విప్పకపోతే ఒప్పుకున్నట్టే. గడువు దాటాక దేవుడు దిగొచ్చినా మార్చడానికి లేదు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది, అది ఎక్కడా రాసి ఉండదు. మౌనానికి వచ్చిన ప్రతిని ఎవరూ తెరవరు. అప్పటికే అందరూ కలిసి దాని పళ్లూ గోళ్లూ పీకేసి ఉంటారు, ఇంకా చూడ్డానికేముంటుంది? పైగా ఆ గురువారం స్టేడియం కట్టే దేశంవాళ్లు తోట విందు పెట్టారు. చేపలు కాలుస్తున్నారు.

ఒంటిగంటకి సెలెస్తాన్ తన అన్నం డబ్బా తెరిచి, తింటూ తింటూ పంపిన ప్రతి ఓసారి చూసుకుందామని నొక్కాడు.

చేతిలో ముద్ద డబ్బాలో వదిలేశాడు.

మొదట ఏం కనిపించిందంటే ‘బెన్యేలు’. తర్వాత ‘గుంత’. తర్వాత ‘గరిటె’. ఇరవై రెండేళ్లలో తొమ్మిది దేశాల పేరుతో ఎప్పుడూ గరిటె వెళ్లలేదు. తప్పు పంపాను, క్షమించండి అని ఒక్క ముక్క రాస్తే చాలు, అందరూ చేపలు తింటూనే సరేనంటారు. వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు.

పెట్టి, అలాగే ఉండిపోయాడు.

ఏడో ప్రతి వెళ్తే ఏమవుతుందో అతనికి తెలుసు. అబెస్సోలో దాన్ని ఫైల్లో పెట్టి టీ తాగుతాడు. రేపు పొద్దున జడ్జి సంతకం పెడతాడు. ఈ ప్రతి వెళ్తే ఏమవుతుందో తెలియదు. ఉద్యోగం పోవచ్చు. ఇంకా పెద్దదేదైనా జరగొచ్చు. అతనికి నిజంగా భయం వేసింది. లేచి మదాం కార్లిన్ గదికి వెళ్లాడు. చెప్పేద్దామనే వెళ్లాడు. ఆవిడ తోట విందుకి చెప్పులు మార్చుకుంటోంది.

“ఎవరైనా మౌనం వీడారా?”

“లేదు మదాం.”

“ఇంకేమైనా చెప్పాలా?”

సెలెస్తాన్ నోరు తెరిచాడు. ఆవిడ చెప్పు బకిల్ పెట్టుకుంటూ ఎదురుచూసింది.

“చేపల్లో ముళ్లుంటాయి, చూసుకోండి మదాం.”

“మంచిది,” అని ఆవిడ వెళ్లిపోయింది.

అక్కడినుంచి రెండు గంటలు. కాలు కాలిన పిల్లిలా గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి తిరిగాడు. ఇన్నేళ్లలో అతను ఊరుకున్న సందర్భాలు లెక్కలేనన్ని. పై అధికారి తప్పు చెప్పినప్పుడు ఊరుకున్నాడు. పక్కింటి కుర్రాణ్ణి జీపులో ఎక్కిస్తుంటే కర్టెన్ వెనకనుంచి చూసి ఊరుకున్నాడు. అవన్నీ సులువుగా జరిగిపోయాయి. ఇవాళ నోరు మూసుకుని కూర్చోడానికి మాత్రం చొక్కా తడిసిపోయింది.

రెండూ ఇరవైకి ఫోన్ మోగింది. కలప దేశం. అతను రిసీవర్ రెండు చేతులా పట్టుకున్నాడు.

“బియోంగ్ గారూ, మీ ప్రతిలో ఒక తీవ్రమైన అభ్యంతరం ఉంది.”

“చెప్పండి,” అన్నాడు.

“దేశాల వరసలో మేం ఏడోవాళ్లం ఎలా అయ్యాం? పోయినసారి నాలుగు.”

“నాలుగే! నాలుగే పెడతాను! మూడు కావాలన్నా పెడతాను!”

“నాలుగు చాలు,” అని అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

మూడింటికి పది నిమిషాలుందనగా రోడ్డుకి సాయం చేసిన దేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ‘ఆమోదం. చక్కటి సమతూకం పాటించారు, అభినందనలు.’ సెలెస్తాన్ ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. మూడు కొట్టింది. మిగతావాళ్లెవరూ కిక్కురుమనలేదు. గడువు ముగిశాక ప్రకటనని పత్రికలకీ, రేడియోకీ, విదేశాంగ శాఖకీ వదలడం అతని డ్యూటీ. కళ్లు మూసుకుని వదిలాడు.

నాలుగు గంటల వార్తల్లో రేడియోలో అమ్మాయి చదివింది. మొదటి వాక్యం దగ్గర ఆగి, ఎవరితోనో గుసగుసలాడి, మళ్లీ మొదలుపెట్టింది.

‘రెజీన్ ఎన్గో మాంగ్ బెన్యేలు అమ్ముతుంది. కూడలిలో రోడ్డు వేశామని పత్రికలో రాశారు. రోడ్డు లేదు. రోడ్డేదని ఆవిడ అడిగింది. అడిగినందుకు పట్టుకెళ్లి గచ్చు మీద పడుకోబెట్టారు. జనం నిలబడి పత్రిక చదువుకుంటే నేరమా? చదవడానికి కాకపోతే పత్రిక ఎందుకు? ఆ గుంతలో మేము కూడా పడ్డాం. రేపు పొద్దుటికల్లా ఆవిడని ఇంటికి పంపించండి. గరిటె కూడా ఇచ్చేయండి.’

కింద తొమ్మిది దేశాల పేర్లు, కలప దేశం నాలుగో స్థానంలో.

నాలుగుంబావుకి అబెస్సోలో ఫోన్ చేశాడు. మామూలుగా “అన్నా, ఎలా ఉన్నావు” అని మొదలెట్టే మనిషి.

“ఏంటిది బియోంగ్?”

“ప్రకటన.”

“అది తెలుసయ్యా! ఆందోళన ఏదీ? తీవ్రం ఏదీ? పోనీ విచారమైనా లేదే! ఇరవై రెండేళ్లలో ఇలాంటిది రాలేదు. నేను జవాబేం రాయను? అపోహ అందామంటే రోడ్డు నిజంగానే లేదాయె. మా ఇంటి వ్యవహారం అందామంటే గుంతలో వాళ్లూ పడ్డామంటున్నారు.”

“పడ్డారు. ఒకాయన కారు ఇరుసు విరిగింది.”

“మా మంత్రిగారు గంటనుంచి ఊగిపోతున్నారు. తొమ్మిది దేశాలు మర్యాద వదిలేసి మాట్లాడుతున్నాయంటే వెనక ఏదో పెద్దది పెట్టుకునే మాట్లాడుతున్నాయంటారు. వచ్చే వారం అప్పు కోసం వెళ్తున్నాం కదా, అక్కడ తలుపులు మూసేస్తారా? నాకు మాత్రం చెప్పు. అసలు ఏంటి దీని అర్థం?”

“అందులో ఏం రాసుందో అదే అర్థం.”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

“అంత దూరం వచ్చిందా,” అన్నాడు అబెస్సోలో.

“అబెస్సోలో, నీ మీద ఒట్టు, దీని వెనక ఏమీ లేదు. ఆవిణ్ణి ఇంటికి పంపండి, అంతే.”

“ఒట్టేస్తున్నావా? ఇంతవరకూ నువ్వు నాకెప్పుడూ ఒట్టెయ్యలేదు.” ఫోన్ టక్కున పెట్టేసి ఆయన మంత్రి గదికి పరిగెత్తాడు.

ఐదింటికి మదాం కార్లిన్ వచ్చింది. చేతిలో కాగితం, చెప్పుకి గడ్డి. తోట విందులో రేడియో ఎవరో పెట్టారట. తొమ్మిది మంది దౌత్యవేత్తలు చేతిలో చేప ముక్కలతో బొమ్మల్లా నిలబడిపోయారట.

“దీనికి ఎవరు ఒప్పుకున్నారు బియోంగ్ గారూ?”

“తొమ్మిది మందీ మదాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒకాయన అభినందించారు కూడా.”

“నేను?”

“మీరు ‘మంచిది’ అన్నారు.”

ఆవిడ కుర్చీలో కూలబడి కాగితం మళ్లీ చదివింది. గరిటె దగ్గరికి వచ్చేసరికి పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. నవ్వింది, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత మొహం గట్టిగా పెట్టుకుని అడిగింది. “ఈవిడ మీకు వదినే కదా?”

“అవును మదాం. నా భార్య అక్క. పొరపాటున వెళ్లింది. ఒంటిగంటకే చూశాను. చూసి ఊరుకున్నాను.”

ఇంత పొట్టి వాక్యాలు అతని నోటినుంచి ఎప్పుడూ రాలేదు. ఆవిడకి జవాబు చెప్పే తీరిక లేకపోయింది, ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్క దేశం కేకలతో మొదలెట్టింది. కానీ ‘మేం చదవలేదు’ అని పై వాళ్లకి చెప్పుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఏడింటికల్లా స్వరం మారింది. గట్టిగా రాయమని పట్టుబట్టింది మేమేనని ముగ్గురు చెప్పుకున్నారు. స్టేడియం దేశం ‘గుంత’ తమ ఆలోచన అంది. మదాం కార్లిన్ దేశంలోని ముఖ్య కార్యాలయం నుంచి సెలెస్తాన్‌కి ఒక మందలింపు వచ్చింది: ‘మీ పనితీరును గమనించాం.’ దాంతోపాటే అన్ని దేశాలకీ ఒక కొత్త నియమం వెళ్లింది: ‘ఇకపై మౌనం పాటించే ముందు పత్రాన్ని తెరవవలెను.’

శుక్రవారం పొద్దున ఏడింటికి, జడ్జి నిద్రలేవకముందే, స్టేషన్ తలుపు తెరిచి మామా రెజీన్‌ని బయటికి వదిలారు. ఇన్‌స్పెక్టర్ స్వయంగా గరిటె తెచ్చి రెండు చేతులా అందించాడు. అది కడిగి ఉంది. ఒడీల్ అక్కని పట్టుకుని రోడ్డు మీదే భోరుమంది. మూడు రోజులుగా దాచుకున్నదంతా ఆ భుజం మీద కార్చేసింది. సెలెస్తాన్ మాత్రం దగ్గరికి వెళ్లలేదు. దూరంగా నిలబడి, వదిన తనని చూసి ఏమంటుందో అని ఎదురుచూశాడు. కాదనడమెందుకు, ఆ ఒక్క రోజు అతనికి మెప్పు కావాలనిపించింది.

మామా రెజీన్ అతనివైపు చూడనైనా లేదు. టాక్సీలో కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నారు. ఇంటికొచ్చి, బల్ల ముందు కూర్చున్నా జావ ముట్టలేదు.

“మరిదీ, అది నువ్వేనా రాసింది? స్టేషన్లో కాపలా పోలీసు మాకు చదివి వినిపించాడు.”

“ఒడీల్ చెప్పింది, నేను కొట్టాను వదినా.”

“కలం తీసుకో. మర్చిపోకముందు రాయి.”

“ఏంటి?”

“లోపల ఇంకా పదకొండు మంది ఆడవాళ్లున్నారు. మూడు రోజుల లెక్క వాళ్లకి లేదు, జడ్జి దగ్గరికే తీసుకెళ్లలేదు. పేర్లు దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను. నన్ను మాటల్లో పెట్టకు, వరస పోతుంది.”

సెలెస్తాన్ అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. “వదినా, మనుషుల పేర్లు...” అని ఒడీల్ వైపు చూసి ఆగిపోయాడు. ఒడీల్ జావ గిన్నె పక్కకి జరిపి కాగితం పెట్టింది.

“పెలాజీ ఎంబెజెలే,” అంది మామా రెజీన్. “జడలు వేస్తుంది. ఫోన్లో ఎవరో పంపిన పాట ఇంకొకరికి పంపింది. ఎనిమిది నెలలు.”

రాశాడు.

“ఫ్లోరాన్స్ ఎయెంగా. ఆసుపత్రిలో నర్సు. చేతి తొడుగులు లేవని పైకి అంది. నాలుగు నెలలు. అగాత్ మాదెంగ్. ముసలావిడ. కొడుకు దొరకలేదని ఆవిణ్ణి తెచ్చారు. ఎన్ని నెలలో ఆవిడే మర్చిపోయింది.”

అతను రాస్తూనే ఉన్నాడు. ఒక్కొక్క పేరుకీ ఆవిడ ఒక వేలు మడిచింది. చేతులు రెండూ పిడికిళ్లయ్యాక ఆగింది.

“పదకొండో ఆవిడ?” అన్నాడు సెలెస్తాన్.

“పేరు చెప్పలేదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నేను మూడు రోజులు అడిగాను. చెప్తే బయట పిల్లల్ని కూడా పట్టుకెళ్తారని భయం. ఆవిడకేం రాస్తావు?”

సెలెస్తాన్ కలం గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ‘పదకొండో ఆవిడ పేరు చెప్పడానికి భయపడుతోంది’ అని రాశాడు. ఒడీల్ కాగితం కదలకుండా రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది.